పక్క కుర్చీలో పిరికాయన

"ఇక్కడైతే సముద్రం అడుగు కనపడదు. అదే దీని అందం," అన్నాడు భర్త, గోడమీది పటంలో ముదురు నీలం మచ్చ మీద వేలు పెట్టి.

టీచరమ్మ కొంగుతో నుదుటి చెమట తుడుచుకుంది.

డైవింగుకి మనుషుల్ని తీసుకెళ్ళే చిన్న షాపు అది. కొక్కేలకు రబ్బరు సూట్లు వేలాడుతున్నాయి. గదంతా తడి రబ్బరు వాసన.

ఆయనకి సముద్రమంటే పిచ్చి. పెళ్ళికి ముందు నుంచీ మునిగి తేలుతున్న మనిషి. ఆయన కోసం, నిజం చెప్పాలంటే కొంత తన కోసం కూడా, ఆవిడ ఈమధ్యే నేర్చుకుంది. స్విమ్మింగ్ పూల్‌లో అంతా బాగానే ఉంది. సముద్రంలో దిగేసరికి మాస్కులోకి నీళ్ళొచ్చాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పైకొచ్చి పడింది.

ఈసారీ అలాగే అయితే జన్మలో నీళ్ళలో దిగనని మనసులో ఒట్టు పెట్టుకుంది. ఇక ప్రతి సెలవులకీ ఆయన లోపల, తను ఒడ్డున ఆయన చెప్పులకి కాపలా.

ఆ మాట ఆయనకి చెప్పలేదు. లెక్కల క్లాసులో "డౌటుంటే సిగ్గుపడకుండా అడగండర్రా" అని రోజూ గొంతు చించుకునే మనిషి, ఇక్కడ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

"ఏమండీ, ఒక్క మాట," అన్నాడు పక్క కుర్చీలోని పెద్దాయన, షాపతనితో.

బట్టతల, మెడకి మఫ్లరు, ఒళ్ళో గొడుగు. ఇందాకట్నుంచీ ఆయనా బేరానికి వచ్చినవాడిలాగే కూర్చుని ఉన్నాడు.

"లోపల భయమేస్తే మధ్యలో పైకి వచ్చేయొచ్చాండీ?"

భర్త నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు. టీచరమ్మ చెవులు రిక్కించింది.

"రావచ్చండీ. ఎక్కడైనా నిదానంగానే రావాలి. లోతు తక్కువైతే దారి తక్కువ, అంతే."

"అంటే లోతు లేని చోట్లు కూడా ఉంటాయన్నమాట."

"ఎందుకుండవు? ఇదిగో, ఈ చిన్న మలుపు చూడండి. మూడు వైపులా కొండలు. నీళ్ళు కదలవు. పడవ మీంచి దూకే పని లేదు, ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగడమే."

"అడుగు కనిపిస్తుందా?"

"ఇసకలో పాకే పీత కూడా కనిపిస్తుంది."

"మరి మాస్కులోకి నీళ్ళొస్తేనో?"

టీచరమ్మ కుర్చీలో ముందుకి వంగింది.

"పై అంచు నొక్కిపట్టి, ముక్కుతో ఊదితే పోతాయి. అక్కడ మావాళ్ళు ముందు ఇసక మీద మోకాళ్ళేయించి, మీ భయం పోయేదాకా అదే చేయిస్తారు."

"నలుగురిలో నన్నెవరు చూసుకుంటారండీ?"

"అడిగితే మీ పక్కనే ఒక మనిషిని పెడతాం."

ఒక్కో జవాబుకీ ఆవిడ భుజాలు కాస్త కాస్త దిగాయి. ఆ ప్రశ్నలన్నీ ఆవిడవే.

"ఇంత పిరికాయనకి సముద్రం ఎందుకంటావ్?" అని భర్త చెవిలో గొణిగాడు. ఆవిడా నవ్వేసింది. తనని మించిన పిరికివాడు దొరికాడన్న ధైర్యంతో వచ్చిన నవ్వది.

ఆ ధైర్యంతోనే అంది. "మనం ఆ చిన్న మలుపుకే వెళ్దామండీ."

"అక్కడా? అక్కడ చిన్నపిల్లలు దిగుతారు."

"నేనూ దిగుతాను. మీ లోతే కావాలంటే మీరొక్కరే వెళ్ళండి. నేను ఇంట్లో పేపర్లు దిద్దుకుంటాను."

భర్త ఆవిడ మొహంలోకి చూశాడు. "ఇంత భయపడుతున్నావని చెప్పొచ్చుగా."

"చెప్పానుగా, ఇప్పుడు."

ఆయన పటం మీద వేలు మెల్లగా మలుపు దగ్గరికి జరిపాడు.

లేచి వెళ్తూ ఆవిడ పెద్దాయన దగ్గర ఆగింది. "మీరూ వెళ్ళండి బాబాయిగారూ. ఏం కాదు. నేనే వెళ్తున్నానంటే చూసుకోండి."

"చూద్దాంలేమ్మా. ముందు మీరు వెళ్ళి రండి," అన్నాడాయన బెరుగ్గా.

మలుపులో నీళ్ళు నిజంగానే కదల్లేదు. మొదటి పూటే మాస్కులోకి నీళ్ళొచ్చాయి. ఇసక మీద మోకాళ్ళేసి ఊదింది. పోయాయి. అంతే, ఇంతకాలం తనని వణికించింది ఇదా అనిపించింది.

మర్నాడు ఒక తాబేలు, రౌండ్లకి బయల్దేరిన హెడ్మాస్టరులా ఎవరినీ పట్టించుకోకుండా పక్కనుంచి వెళ్ళింది. ఆవిడ మొగుడి చేయి వదిలేసి దాని వెనకాలే వెళ్ళింది. ఈసారి కంగారుపడటం ఆయన వంతయింది.

ఒడ్డుకి వచ్చాక ఆవిడ సంతోషం అంతా ఇంతా కాదు. "మళ్ళీ ఎప్పుడు?" అని అడిగింది కూడా ఆవిడే.

సెలవులు అయ్యాక షాపుకి వెళ్ళింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆ బాబాయిగారు వస్తే చెప్పండి. కళ్ళు మూసుకుని దిగొచ్చని. తోడు కావాలంటే ఈసారి మాతో తీసుకెళ్తాం."

సూటు మడతపెడుతున్న షాపతను ఆగాడు.

"ఆయన ఇక రారండీ. వాళ్ళమ్మాయి దగ్గరికి వేరే ఊరు మారిపోయారు."

"అయ్యో. పాపం, ఒక్కసారైనా దిగకుండానే?"

అతను నవ్వాడు.

"ఆరోజు మీకు చెమటలు పట్టడం ఆయన చూశారండీ. నోరు పెగలని వాళ్ళెవరు వచ్చినా అంతే, వాళ్ళ ప్రశ్నలు ఆయన అడిగేవారు. నేనూ ఆయనే కొత్తవారన్నట్టు జవాబులు చెప్పేవాణ్ణి."

తను ఆయనకి ధైర్యం చెప్పి వచ్చిన సంగతి తలచుకుంటే ఆవిడ చెవులు వేడెక్కాయి.

"నేనేం అడగాలనుకున్నానో ఆయనకెలా తెలుసండీ?"

"భయపడ్డవాళ్ళని చాలామందిని చూశారండీ," అన్నాడతను. "రిటైరయ్యేదాకా, ఎక్కడ పడవ మునిగినా లోపల చిక్కుకున్నవాళ్ళ కోసం అందరికంటే ముందు నీళ్ళలోకి దూకింది ఆయనే."