కాగితం మీద చుక్క

ఆయమ్మ రంగునీళ్ళ గ్లాసులో వేలు ముంచి, తెల్లకాగితం మీద విదిలించడం చిన్న మేడం కళ్ళారా చూసింది.

నీలం చుక్క ఒకటి కాగితం మూల పడి, తీరిగ్గా పాకింది.

"ఆయమ్మా! ఏంటి మీరు చేస్తున్న పని?"

ఆయమ్మ ఉలిక్కిపడలేదు. వేలు గుడ్డకు తుడుచుకుంది.

"ఏం లేదమ్మా. కాస్త రంగు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీరొచ్చినప్పటి నుంచీ... అంతకు ముందూనూ."

ఇన్నాళ్ళూ ఆ చుక్కల్ని మామూలు మరకలనుకున్న చిన్న మేడానికి ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి? ఆర్ట్ థెరపీ చదువు ఆఖరికొచ్చింది. నోటితో చెప్పుకోలేని బాధను రంగులతో చెప్పించే వైద్యం అది. రెండేళ్ళు పుస్తకాలు నమిలి మింగింది. ఇక ఒక్క పేషెంటుతో ఎనిమిదిసార్లు కూర్చుని, అతను వేసిన బొమ్మలు పరీక్షాధికారి ముందు పెడితే సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఆ చదువులో మొదటి పాఠమే, పేషెంటు కాగితం మీద ఇంకొకరి చెయ్యి పడకూడదని.

ఆమెకిచ్చిన పేషెంటు ఒక బస్సు డ్రైవరు. ఎనిమిది నెలల కిందట యాక్సిడెంటైన రోజు నుంచి పెదవి విప్పలేదు. మొదటి రెండు వారాలు కాగితాన్ని చూస్తూ ఊరకే కూర్చున్నాడు. మూడోవారం ఒక గీత గీశాడు. అదంతా తన హస్తవాసే అనుకుని, చిన్న మేడం వాళ్ళమ్మకు ఫోన్ చేసి మరీ మురిసిపోయింది.

"ఈ సంగతి తెలిస్తే అతను వేసిన బొమ్మలన్నీ చెల్లకుండా పోతాయి. తెలుసా మీకు?"

"తెల్లగా ఉంటే భయమేస్తుందమ్మా."

"ఎవరికి?"

ఆయమ్మ గ్లాసులు సర్దడంలో పడిపోయింది.

కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ వచ్చి గ్లాసుల్లోని నీళ్ళను వెలిగిస్తోంది. గోడ మీద ఎరుపూ పసుపూ వెలుగులు ఈదుతున్నాయి. ఆ వేళప్పుడు ఆ గదిలోకి ఎవరొచ్చినా నిద్దట్లో నడుస్తున్నట్టే ఉంటుంది. చిన్న మేడం మాత్రం పూర్తిగా మేలుకునే ఉంది. తిన్నగా ఆఫీసుకెళ్ళి ఫిర్యాదు రాసిచ్చింది.

ఆ సెంటరు నడిపే పెద్ద మేడం సెలవులో ఉన్నారు. గుమాస్తా కొత్తవాడు. ఆయమ్మను పిలిపించి, రిజిస్టరంతా తిరగేశాడు.

"అసలు నీ పేరే లేదు కదమ్మా ఇందులో! రేపటి నుంచి రాకు."

"సరే బాబూ" అంది ఆయమ్మ.

బ్రష్షులన్నీ కడిగి, కుచ్చులు నలగకుండా డబ్బాలో నిలబెట్టి మరీ వెళ్ళింది.

మరుసటి వారం చిన్న మేడం తన చేత్తోనే కాగితం బిగించింది. ఎక్కడా చిన్న మచ్చ కూడా లేదు. చూసుకుని తృప్తి పడింది.

డ్రైవరు వచ్చి కూర్చున్నాడు. కాగితం వైపు చూశాడు. రెండు చేతులూ తొడల కింద దాచుకున్నాడు.

"ఏదైనా వెయ్యండి."

కదల్లేదు.

"ఒక్క గీత చాలు."

ఎండ కాగితం మీద నుంచి మెల్లగా జరిగి అతని మోకాళ్ళ మీదికి దిగింది. నలభై నిమిషాలు. ఆ తెలుపును చూస్తూ చూస్తూ చిన్న మేడానికే ఎక్కడో తేలిపోతున్నట్టయింది, పట్టుకోవడానికి ఏమీ లేని చోట.

డ్రైవరు తలెత్తి గదంతా వెతికాడు. గొంతు గీరుకుంది.

"ఆయమ్మ ఏదీ?"

ఎనిమిది నెలల్లో అతని నోట వచ్చిన మొదటి మాట అది.

చిన్న మేడానికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. వెంటనే తల కొట్టేసినట్టయింది.

ఆమె ఇంకేం ఆలోచించలేదు. వేలు గ్లాసులో ముంచింది. చదివిన చదువంతా వద్దు వద్దంటుండగా కాగితం మీద విదిలించింది.

నీలం చుక్క పడింది. పాకింది.

డ్రైవరు చేతులు బయటికొచ్చాయి. బ్రష్షు కొనతో చుక్కను తాకాడు. దాన్నుంచి ఒక దారి బయల్దేరింది, ఒక మలుపు తిరిగింది, దాని పక్కన ఒక ఇల్లు లేచింది. చిన్న మేడానికి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా.

మర్నాడు పెద్ద మేడం సెలవు నుంచి వచ్చారు. చిన్న మేడం బొమ్మలన్నీ పట్టుకెళ్ళి టేబుల్ మీద పెట్టింది.

"ఇవి పరీక్షకు పనికిరావు మేడం. నన్ను ఫెయిల్ చెయ్యండి, పర్లేదు. ఆయమ్మను మాత్రం పిలిపించండి. కాళ్ళు పట్టుకుని అడుగుతాను."

"పిలిస్తే రావడానికి ఆవిడ జీతం తీసుకునే మనిషి కాదమ్మా. తనంతట తనే వచ్చేది, ఇరవై రెండేళ్ళుగా. పొద్దున్నే వాళ్ళింటికెళ్ళాను."

"ఏమన్నారు?"

"తాళం వేసుంది. చెల్లెలి ఊరెళ్ళిపోయిందట. ఇక రానని పక్కింటి వాళ్ళతో చెప్పి మరీ వెళ్ళింది."



"ఎవరు మేడం ఆవిడ?"

పెద్ద మేడం పైనున్న బొమ్మలోని నీలం చుక్క మీద వేలు పెట్టారు.

"నీలాగే నేనూ ఇక్కడ చదువుకునేటప్పుడు నాకిచ్చిన పేషెంటు... తెల్లకాగితం ఎదురుగా ఏడు వారాలపాటు వణుకుతూ కూర్చుంది, ఒకరోజు నా మోచెయ్యి తగిలి రంగునీళ్ళు దాని మీద ఒలికిపోయేదాకా."