బ్యాంకాక్ జబ్బు

ప్రభుదాసుకి బ్యాంకాక్‌లో రాని జబ్బు పెదపాడు వచ్చాక మొదలైంది.

కొల్లేటి చెరువులకి చేపల మేత బాగా అమ్మినందుకు కంపెనీవాళ్ళు డీలర్లందరినీ ఉచితంగా విమానమెక్కించి బ్యాంకాక్ తిప్పారు. తిరుగు ప్రయాణంలో మిగతావాళ్ళంతా ఎక్కారు, ప్రభుదాసు ఎక్కలేదు. దగ్గర్లోని సముద్రపు ఒడ్డున మరికొన్నాళ్ళు సుఖపడి, సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని వచ్చాడు. ఆ ఖర్చు తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఉచిత టికెట్ కావాలని వదులుకుంటే అంతే సంగతులు, పైసా తిరిగి రాదు. కానీ జబ్బు చేసి విమానం తప్పిపోతే కొత్త టికెట్ డబ్బు ప్రయాణానికి చేయించిన ఇన్సూరెన్సు వాళ్ళిస్తారు. అందుకని అక్కడి ఆసుపత్రి పేరుతో దొంగ కాగితాలు పుట్టించుకుని వచ్చి, ఇన్సూరెన్సు డబ్బుకి అర్జీ పెట్టాడు.

"ఇన్సూరెన్సు వాళ్ళెవరైనా వచ్చి అడిగితే, మా ఆయనకి అక్కడ ఒకటే వాంతులు, సెలైన్ ఎక్కించారని చెప్పు," అన్నాడు భార్యతో.

"అవి మన పాపకి కదండీ," అంది సలోమి.

నిజమే. అతను ఇసుకలో దొర్లుతున్నప్పుడు, ఏలూరు ఆసుపత్రిలో పాపని ఒళ్ళో వేసుకుని ఆమె ఫోన్లో చెప్పుకున్న మాటలే అవి. కంపెనీ ట్రైనింగ్ ఉంది, రాలేనని ఫోన్ పెట్టేశాడు. జబ్బు లక్షణాలు మాత్రం శ్రద్ధగా గుర్తు పెట్టుకున్నాడు.

"ఎవరివైతే ఏంటే? చెప్పడానికి నోరు నొప్పా?"

"నాకు అబద్ధం చెప్పడం రాదండీ. మీరే చెప్పుకోండి."

"ఏడో క్లాసు తప్పినదాన్ని అడగడం నాదే తప్పు."

ఇక ముఖం తెలియని మనిషి కనబడితే చాలు, పొట్ట పట్టుకునేవాడు. గ్యాస్ బండ తెచ్చినవాడి ముందు మూలిగాడు. కేబుల్ బిల్లుకొచ్చినవాడి ముందు గోడ పట్టుకుని నడిచాడు. వాళ్ళలా వెళ్ళగానే కొర్రమీను పులుసులో మళ్ళీ అన్నం కలిపేవాడు.

ఆదివారం పొద్దున సలోమి ఇస్త్రీ చొక్కా తెచ్చిచ్చింది.

"ఫారిన్ వెళ్ళొచ్చినవాళ్ళు దేవుడు చేసిన మేలు గురించి చర్చిలో సాక్ష్యం చెబుతారు కదండీ. అందరూ అడుగుతున్నారు."

సంఘపెద్దల ఎన్నిక దగ్గరపడింది. ప్రభుదాసు కూడా నిలబడుతున్నాడు. పదిమంది ముందు మైకు దొరికితే చేదా?

చర్చి గుమ్మంలో సలోమికి వరసకి అన్నయ్యయ్యే యోబు ఎదురయ్యాడు. ఎన్నికలో పోటీ అతనే.

"అన్ని రోజులు ఆగిపోయావంటే, బ్యాంకాక్‌లో ఏ జబ్బు అంటించుకున్నావో అని బెంగపడ్డాం బావా."

చుట్టూ ఉన్నవాళ్ళు ముసిముసిగా నవ్వారు. ప్రభుదాసు చెవులు మండిపోయాయి. ఆ ఊరి పేరు పక్కన జబ్బు మాట చేరితే ఒక్క ఓటు రాలదు.

మైకు అందుకుని గొంతు పెంచాడు.

"ప్రియ సంఘమా, ప్రయాణమంతటిలో దేవుడు నన్ను కాపాడాడు. వాంతి లేదు, జ్వరం లేదు, తలనొప్పైనా లేదు. ఆసుపత్రి గుమ్మం ఎలా ఉంటుందో చూడలేదు. ఇది దేవుడి ఎదుట నిలబడి చెబుతున్న మాట."

సంఘమంతా ఆమెన్ అంది. చివరి వరసలో కూర్చున్న కొత్త మనిషి అందరికంటే గట్టిగా అన్నాడు.

ఆరాధన అయ్యాక ఆ మనిషే దగ్గరికొచ్చి నమస్కారం పెట్టాడు.

"వందనాలండీ. నా పేరు మధుబాబు, ఇన్సూరెన్సు కంపెనీ నుంచి వచ్చానండి. మీ సాక్ష్యం చాలా బాగుందండి."

ప్రభుదాసు చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది.

"ఈయన్ని ఇక్కడికెవరు రమ్మన్నారే?" అన్నాడు భార్య వైపు తిరిగి.

సలోమి నిద్రపోతున్న పాపని రెండో భుజం మీదికి మార్చుకుంది.

"మొన్న మీరు లేనప్పుడు ఇంటికొచ్చారండీ. నాకు అబద్ధం చెప్పడం రాదు కదా, ఆదివారం చర్చికి రండి, ఆయన నోటితోనే విందురుగాని అన్నాను. గుమ్మంలో ఆ జబ్బు మాట ఎత్తమని యోబు అన్నయ్యకి చెప్పింది కూడా నేనేనండీ."