ఖాళీ కంచం

ఆగస్టు పదిహేనున మా అమ్మాయి వైదేహి బడిలో ఒక లడ్డూ తిన్నది. తీపిగానీ అన్నంగానీ తింటే దానికి ఫిట్స్ వస్తాయి. మాటలు రాని పిల్ల, వద్దని ఎలా చెబుతుంది? మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం.

ఇప్పుడు అన్ని బడుల్లోనూ యంత్రాలే వడ్డిస్తున్నాయి. కంచం ఖాళీ అయ్యేదాకా కుర్చీ బెల్టు ఊడదు. డాక్టరు చీటీ చూపిస్తే హెడ్మాస్టరు తల పట్టుకున్నారు.

“ఆ యంత్రానికి చీటీ చదవడం రాదండీ. నాకు దాన్ని ఆపడం రాదు.”

ఆయా మార్తమ్మ గేటు దాకా నా వెంట వచ్చింది. “బెంగపడకండి బాబుగారూ. పాపకి మీ డబ్బాలో గుడ్లు పెట్టి, ఆ కంచంలో అన్నం నేను తినేస్తాను. యంత్రానికి ఖాళీ కంచం కావాలి, అంతేగా! నాకూ కాస్త ఒళ్లొస్తుంది.”

నెల గడిచింది. ఈ సాయంత్రం బడి నుంచి ఫోన్‌కు కబురు వచ్చింది. రేపటి నుంచి యంత్రమే తినిపిస్తుందట, ఆయాలు అక్కరలేదట. రాని పిల్లల కోసం బండి ఇంటికే వస్తుందట.

చీకటి పడ్డాక పాపను మార్తమ్మ ఇంటికి తీసుకెళ్లాను.

“బండొస్తే ఏం చెబుతారు?”

“ఊరెళ్లిందంటాను.” పాపను ఆమె చేతులకు అందించాను.

వాళ్లమ్మ పోయాక ఎవరి దగ్గరికీ వెళ్లని పిల్ల, ఆమె భుజం మీద తల వాల్చింది. మార్తమ్మ చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.