పిడికెడు పసుపు

చీకటి పడగానే కరెంటు పోయింది. ఆర్మూర్ పసుపు మార్కెట్ వెనక తన దవాఖానలో ఆర్ఎంపీ డాక్టర్ నరహరి ఒక్కడే ఉన్నాడు. పొద్దుటి నుంచీ అతని చిగుళ్ల నెత్తురు ఆగడం లేదు.

పోయినేడు భూమవ్వ కూతురు గంగామణికీ ఇలాగే కారింది. హైదరాబాద్ తీసుకుపోతానన్న తల్లిని అతనే ఆపాడు.

"వేడి చేసింది గంతే. పసుపు పెట్టు. పట్నమెందుకు?"

అది బ్లడ్ క్యాన్సర్. పిల్ల పోయింది. అదే జబ్బుతో పట్నం దవాఖానలో చేరిన అంకాపూర్ పిల్లవాడు బతికి బడికి పోతున్నాడు.

నరహరి చిగుళ్ల మీది దూది మార్చుకుని లేచాడు. హైదరాబాద్ బస్సు ఇంకా ఉంది. తలుపు గడియ ఎంత లాగినా కదల్లేదు.

కిటికీ ఊచల్లోంచి చిన్న చెయ్యి లోపలికి వచ్చింది. పిడికిట్లో పసుపు.

"పెట్టుకో సారూ," అంది గంగామణి గొంతు. "వేడి చేసింది గంతే. పట్నమెందుకు?"