ఒంటి చెప్పు

"తలుపు తియ్యమాకే! నేను ఇంట్లో లేనని చెప్పు." చెన్నయ్య వడ్ల బస్తాల వెనక నక్కాడు.

"ఏం చేసొచ్చావయ్యా?" భార్య కోటమ్మ అతని కాళ్ల వంక చూసింది. "కాలికి ఒక్క చెప్పే ఉందేంది?"

"మాచర్లలో మన కబడ్డీ టీము ముప్పై పాయింట్ల తేడాతో ఓడింది. ఒళ్లు మండి టీములో ఆడిన ముబారక్ మీదికి చెప్పు ఇసిరా. నుదురు పగిలింది. జనంలో ఎవరూ చూళ్లేదులే అనుకున్నా."

"చూడాల్నా? మొన్న ఆ చెప్పుకి టైరు ముక్క కుట్టింది ఎవరు?"

చెన్నయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. కుట్టింది పంక్చర్ షాపు ముబారకే.

తలుపు మళ్లీ దడదడలాడింది. "బాబాయ్! ఉన్నావని తెలుసు. తియ్యి."

కోటమ్మ సందులోంచి చూసింది. "ఒక్కడే వచ్చాడు. చేతిలో ఏదో ఉంది."

ఇక దాక్కుని లాభం లేదని చెన్నయ్యే వెళ్లి గడియ తీశాడు. ముబారక్ నుదుటి కట్టు నెత్తురుతో తడిసి ఉంది. అతని చెయ్యి కదలగానే చెన్నయ్య రెండు చేతులతో తల కప్పుకున్నాడు.

దెబ్బ పడలేదు. ముబారక్ వంగి, చెప్పును మెట్టు కింద పెట్టాడు.

"ఆట పోయింది గానీ బాబాయ్, నా కుట్టు మాత్రం ఊడలా. చూస్కో."