చప్పుడు కాకుండా

"ఇంకోసారి," అన్నారు మాస్టారు.

దూది లేచి నిలబడింది. ఊపిరి వదిలింది. గడ్డం గుండెకు ఆనించింది. వెనక్కి పడింది.

"చప్పుడేదీ?"

జూడోలో పడేటప్పుడు అరచేత్తో చాపను గట్టిగా చరచాలి. అప్పుడే దెబ్బ ఒంటికి తగలదు. హాల్లో మిగతావాళ్లు పడుతుంటే గాలివానకు తలుపులు కొట్టుకుంటున్నట్టుంటుంది. ఆ అమ్మాయి పడితే మాత్రం ఆరేసిన దుప్పటి తీగ మీంచి జారినట్టుంటుంది. అందుకే దూది అని పేరు పెట్టారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది.

"చెయ్యి కొట్టకపోతే ఎముకలు విరుగుతాయమ్మా."

"కొట్టకుండా పడటం రాదా మాస్టారూ?"

"వస్తుంది. పదేళ్లు పడుతుంది."

"అన్నేళ్లు కుదరదు."

అందరూ నవ్వారు. వరసలో అందరికంటే పొడుగ్గా ఉండే అమ్మాయిని నిచ్చెన అంటారు. "ఏంటే, పెళ్లి కుదిరిందా?" అంది ఆమె. మళ్లీ నవ్వారు. దూది నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు.

మాస్టారు నవ్వు ఆపి, దగ్గరికొచ్చి కూర్చున్నారు.

"ఒక్కసారిగా పడకు. ముక్కలు ముక్కలుగా పడు. మడమ, పిక్క, తొడ, నడుము, భుజం. ఏది ఎప్పుడు నేలకు తగిలిందో నీకు తెలియాలి. రోజూ చెయ్యి. మనసు పెట్టి చెయ్యి. పరధ్యానంగా వందసార్లు పడ్డా దండగే."

దూది తలూపింది.

ఇంట్లో రెండే గదులు. ముందు గదిలో అమ్మ కుట్టుమిషన్. మధ్యాహ్నం కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి అమ్మ బయటికి వెళ్తే, వెనక గదిలో దూది పడేది. మొదటి నెల బొంత మీద. రెండో నెల దుప్పటి మీద. తర్వాత వట్టి గచ్చు మీద. పక్కన స్టీలు పళ్లెంలో చెంచా పెట్టుకునేది. చెంచా మోగితే ఆ పడటం లెక్కలోకి రాదు.

మడమ, పిక్క, తొడ, నడుము, భుజం. లేవడం. మళ్లీ మడమ.

ఒకరోజు జడ వేస్తూ అమ్మ ఆమె భుజాలు చూసింది. "ఇదేం చదువే తల్లీ, ఒళ్లంతా కమిలిపోయింది! మీ మాస్టారు నా దగ్గరికి ప్యాంటు కుట్టించుకోవడానికి రావాలి గానీ, ఒక కాలు జానెడు పొట్టిగా కుడతాను."

"నేర్చుకునేటప్పుడు తగుల్తాయి అమ్మా."

"మానెయ్యరాదూ?"

"మాననమ్మా."

నాలుగో నెలకు చెంచా మోగడం మానేసింది. కానీ అది కావాలని పడితే. దూది నిచ్చెనను పక్కకు పిలిచింది.

"నన్ను చెప్పకుండా పడెయ్యి. ఎప్పుడైనా సరే. నీళ్లు తాగుతున్నప్పుడైనా, బూట్లు విప్పుకుంటున్నప్పుడైనా."

"మనకేమైనా పాత పగలున్నాయా?"

"లేవు."

"అయితే ఫ్రీగా పడేస్తాలే," అంది నిచ్చెన. మాట నిలబెట్టుకుంది. గుమ్మం దగ్గర, కుళాయి దగ్గర, మెట్ల కింద, ఎక్కడ దొరికితే అక్కడ పడేసింది. మొదట్లో ధబ్బుమనేది. పోనుపోను ఆ చప్పుడు సన్నబడింది.

అంతలో మాస్టారు ఓ మాట చెప్పారు. "ఆదివారం పరీక్ష. పడటమే కాదు, పడగొట్టడం కూడా చూస్తాను. రెండూ రానివాళ్లు చోటు ఖాళీ చెయ్యాలి. బయట ఇరవైమంది ఎదురుచూస్తున్నారు."

దూదికి పడగొట్టడం రాదు. నేర్చుకోవాలని కూడా లేదు. ఆమెకు కావలసిందల్లా ఇంకొన్నాళ్లు ఇక్కడికి వస్తూ ఉండటం.

ఆదివారం వచ్చింది. దూది వంతు వచ్చింది. నిచ్చెన ఎదురుగా నిలబడి ఆమె కాలరు మీద చెయ్యి వేసింది.

దూది కింద ఉంది.

ఎవరికీ ఏమీ వినపడలేదు. చాప మీద కాగితం పెట్టినట్టు ఉంది, అంతే.

"నేనింకా లాగలేదు మాస్టారూ," అంది నిచ్చెన తెల్లబోయి.

"అదే కదా మరి!" మాస్టారు లేచి నిలబడ్డారు. "నువ్వు లాగబోతున్నావని నీకంటే ముందు ఆ ఒంటికి తెలిసిపోయింది. ఇరవై ఏళ్లుగా నేర్పుతున్నాను, ఇలాంటి పడటం చూడలేదు." దూది వైపు తిరిగారు. "నీకు పడగొట్టడం అక్కర్లేదమ్మా. రేపటినుంచి చిన్నపిల్లలకు పడటం నువ్వే నేర్పు."

అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు పసుపు బెల్టు చేతికిచ్చారు. దూది చాలాసేపు చాప మీదే కూర్చుంది. తర్వాత లేచి బెల్టు కట్టుకుంది. ముడి మూడోసారికి గాని పడలేదు. సంతోషంగా ఉండాలి కదా అనుకుంది. వెతికి చూస్తే ఏమీ దొరకలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ మిషన్ మీద ఉంది.

"పాసయ్యావా?"

"అయ్యాను."

"మా తల్లే! మంచినీళ్లు తీసుకురా, గొంతు ఎండిపోతోంది."

దూది వెనక గదిలోకి వెళ్లింది. గ్లాసు నింపుకుని రెండడుగులు వేసింది.

మడమ, పిక్క, తొడ, నడుము, భుజం. గ్లాసును గుండెల మీద నిలబెట్టి పట్టుకుంది. నీళ్లు మెడ మీదికి ఒలికాయి గాని, గ్లాసు గచ్చుకు తగల్లేదు.

ముందు గదిలో మిషన్ ఆగలేదు.

"ఏమేవ్, నీళ్లు!"

"తెస్తున్నానమ్మా," అంది దూది పైకప్పును చూస్తూ, కాళ్లలోకి పట్టు తిరిగి రావడానికి ఎదురుచూస్తూ.

అక్క మొదటిసారి ఇలాగే ఉన్నట్టుండి కాళ్లు మడతపడి కూలినప్పుడు, ఆ చప్పుడుకే అమ్మ మిషన్ వదిలేసి పరిగెత్తుకొచ్చింది, ఆ తర్వాత అక్క బతికింది పదకొండు నెలలే.