అమ్మ సర్దిన డబ్బా

మండుతున్న పొయ్యిలో వంటమనిషి సాలమ్మ చెంబెడు నీళ్లు గుమ్మరించింది. సగం ఉడికిన అన్నం గిన్నెను దించి పక్కన పెట్టింది.

"ఎందులకు ఆర్పితివి సాలమ్మా?" అన్నాడు వాల్టర్.

"గీ ఇంట్ల పొయ్యి ముట్టియ్యొద్దు దొరా. తిండికి ఫికర్ చెయ్యకు."

అప్పటిదాకా బాగానే ఉంది. వాకిట్లోంచి బడిపంతులు రఘుపతి పిలిస్తే వెళ్లి, వస్తూనే ఈ పని చేసింది. వాల్టర్ చూపు గూట్లోకి పోయింది. అక్కడ మూత తెరిచిన డబ్బా ఉంది. గొడ్డు మాంసం. ఇంకేం కావాలి, చేసిన తప్పు ఎదురుగానే కనిపిస్తోంది.

వాల్టర్‌కు ఇరవై నాలుగేళ్లు. కెనడాలో ఓడెక్కి, మహబూబ్‌నగర్‌ మిషన్‌ బంగళాలో ఆర్నెల్లు పుస్తకాల తెలుగు నేర్చుకుని, బైబిలూ మందులపెట్టే పట్టుకుని కొత్తకోట పక్కనున్న ఈ రాయినిపల్లికి వచ్చి పన్నెండు రోజులే. ట్రంకుపెట్టె సర్దుతూ ఆ డబ్బాను అడుగున పెట్టింది వాళ్లమ్మ. "ఆకలేసినప్పుడు కాదు, ఇల్లు గుర్తొచ్చి ఉండలేననిపించినప్పుడు తెరువు" అంది. ఈ సోమవారం పొద్దున తెరిచాడు.

మధ్యాహ్నం నర్సింగమ్మ కుంటుకుంటూ వచ్చింది. ఆమె కాలి పుండుకు రోజూ కట్టు కట్టేది వాల్టరే. అరుగు మీద విస్తరి పరిచి జొన్నరొట్టె, పప్పు వడ్డించింది.

"కూర్చొనుము. కట్టు మార్చెదను."

"నా కాలుకేమైతది బిడ్డా. ముందుగాల నువ్వు తిను."

తినేదాకా ఎదురుగా కూర్చుని, విస్తరి తీసుకుని లేచి వెళ్లిపోయింది. 'పోయొస్తా' అనలేదు. ఈ ఊళ్లో వాల్టర్ నేర్చుకున్న మొదటి మాట అది. ఎవరింటి నుంచి లేచినా ఆ మాట చెప్పే కదలాలని రఘుపతి పంతులు పదిసార్లు వల్లె వేయించాడు. అంటే ఈమె ఇక రాదన్నమాట.

కిటికీలోంచి చూస్తే, నర్సింగమ్మ బావి దగ్గర నెత్తి మీద నీళ్లు పోసుకుంటోంది. కట్టు తడిసిపోతోంది. తన ఇంట్లో అడుగు పెట్టినందుకు స్నానం. వాల్టర్‌కు ఏడుపొచ్చినంత పనైంది. కిటికీ మూసేశాడు.

మంగళవారమూ అంతే. పూటకో ఇంటినుంచి తిండి వచ్చింది. తెచ్చినవాళ్లెవరూ అతని ఇంట గుక్కెడు నీళ్లు ముట్టలేదు. మందులకోసం ఒక్క ప్రాణీ రాలేదు. మగవాళ్లు వచ్చారు, అరుగు మీద కూర్చున్నారు, నేలచూపులు చూశారు, చెప్పకుండా లేచిపోయారు. పోయి బావి దగ్గర స్నానం చేశారు.

ఊరు వెలివేస్తే నిప్పూ నీళ్లూ బంద్ అవుతాయని వాల్టర్ విన్నాడు. మరి తిండెందుకు పెడుతున్నట్టు? పొయ్యి మైలపడింది గాని, మనిషిని ఆకలికి చంపేంత చెడ్డవాళ్లు కారు, అందుకే అనుకున్నాడు.

బుధవారం పెరట్లో గుంట తవ్వి డబ్బాను పాతిపెట్టాడు. పొయ్యిని తానే పేడతో అలికాడు, సాలమ్మ అలికినట్టే, కాకపోతే సగం పేడ చొక్కాకు అంటింది. పుల్లలు పెట్టి ఊదుతుంటే సాలమ్మ పరుగున వచ్చి మళ్లీ నీళ్లు పోసింది. ఈసారి ఆమె కళ్లలోనూ నీళ్లున్నాయి. ఇంత అలికినా పాపం పోలేదా అని వాల్టర్ అక్కడే కూలబడ్డాడు.

సాయంత్రం రఘుపతి పంతులు వచ్చాడు. రోజూ పాఠం చెప్పి రెండు కప్పుల టీ తాగి వెళ్లే మనిషి, సోమవారం నుంచి పాఠం మానేశాడు.

"సాలమ్మ ఇంట కాచిన టీ అయినను త్రాగెదరా?"

"వద్దు దొరా. ఈడ ఇప్పుడు ఏం ముట్టం."

"నేను ఏ అపరాధము చేసితిని? చెప్పుడి. ఊరందరి కాళ్లు పట్టుకొందును."

పంతులు కండువా అంచు నలిపాడు. "మీ పెద్దదొరకు మనిషిని పంపినం. ఆలంపూర్ దిక్కు క్యాంపుల ఉన్నడంట. వచ్చి ఆయనే చెప్తడు. మేం చెప్పేది కాదు."

అంటే ఫిర్యాదు కూడా వెళ్లిపోయింది.

గురువారం వాల్టర్ ఉత్తరం రాశాడు. 'అమ్మా, నేను ఓడిపోయాను. ఇక్కడ నేనెవరికీ అక్కర్లేదు. పెద్దాయన రాగానే బయల్దేరి నీ దగ్గరికి వచ్చేస్తాను.' కవరు అంటించి, పోస్టుమ్యాన్ ఐలేశం చేతిలో పెట్టాడు.

"ఎవలకు దొరా?"

"మా అమ్మకు."

ఐలేశం దాన్ని సంచిలో వేయలేదు. అంగీ జేబులో పెట్టుకుని తల వంచుకుని పోయాడు. నా ఉత్తరం కూడా అంటుకోకూడదు కాబోలు అనుకున్నాడు వాల్టర్.

శుక్రవారం పొద్దున జీపు వచ్చింది. ఊరు ఊరంతా దూరంగా నిలబడింది. తలనెరిసిన పెద్దదొర దిగీదిగకముందే వాల్టర్ పరుగెత్తి ఆయన చేయి పట్టుకున్నాడు. పదహారు రోజుల తర్వాత సొంత భాష నోటికొచ్చింది.

"నన్ను తీసుకుపొండి. గొడ్డు మాంసం డబ్బా తెరిచాను. అందుకే నన్ను వెలేశారు."

"ఏ డబ్బా?" అన్నాడు పెద్దదొర. "డబ్బా మాట నాతో ఎవరూ అనలేదే."

"మరి పొయ్యి ఎందుకు ఆర్పారు? నా ఇంటికి వచ్చిపోయి ఎందుకు స్నానం చేస్తున్నారు?"

పెద్దదొర ముప్పై ఏళ్లుగా ఈ జిల్లాలో ఉంటున్నాడు. టోపీ తీశాడు. నర్సింగమ్మ కుంటుకుంటూ వచ్చి వాల్టర్ పక్కన నిలబడి, అతని వీపు మీద చేయి వేసింది.

పెద్దదొర జేబులోంచి రెండు కాగితాలు తీశాడు. ఒకటి ఐలేశం పోస్టు చేయకుండా దాచి, దారిలో ఆయనకిచ్చిన ఉత్తరం. రెండోది సోమవారం వచ్చిన తంతి. పంతులు చదివి, మళ్లీ జాగ్రత్తగా మడిచిన మడతలు దాని మీద ఉన్నాయి. వాల్టర్ విప్పాడు.

'అమ్మ ఆదివారం కన్నుమూసింది.'